పునాది ఒక్కటే, గోడలే వేరు



మన సంఘం కార్యక్రమాల్లో మతం మాట ఎత్తడం తక్కువ. ఉగాదికి పచ్చడి, సంక్రాంతికి ముగ్గుల పోటీ, డిసెంబరులో క్రిస్మస్ పాటలు. ఎవరి పండుగ వారిదే అయినా ఫలహారాలు మాత్రం అందరివీ. ఆ పద్ధతి మంచిదే. అయితే ఈ మూడు నెలల్లో మా వీధిలో ఒక తెలుగింటి అమ్మాయి నన్ను అడిగిన ప్రశ్న ఆమె ఒక్కతెది కాదనిపించింది. అందుకే ఈసారి ఈ శీర్షికను దానికే కేటాయిస్తున్నాను. క్రైస్తవులు కాని మిత్రులు కూడా ఓపికగా చదవాలని కోరిక. ఇది ఇంటింటి సంగతే.

ఆ అమ్మాయి పుట్టిల్లు ఒంగోలు, బాప్టిస్టులు. అత్తవారిది గుంటూరు, లూథరన్లు. భర్తకు అంబత్తూరు ఎస్టేటులో ఉద్యోగం. పెళ్ళి సలక్షణంగా జరిగింది. రెండు వైపులా యేసు పేరే చెప్పుకునేవారు కనుక ఎవరూ అడ్డు చెప్పలేదు. ఆడపిల్ల పుట్టాక వచ్చింది చిక్కు. పసిబిడ్డకు వెంటనే బాప్తిస్మం ఇప్పించాలని గుంటూరు వారు. ఊహ తెలిసి, తానే నమ్మి అడిగినప్పుడు నీళ్ళలో ముంచి ఇవ్వాలి గాని పసిగుడ్డుకు ఏం తెలుసని ఒంగోలు వారు. ఫోన్లలో మాటలు పెరిగాయి. రెండు వైపుల అమ్మమ్మా నానమ్మా కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఒకరోజు అమ్మాయి పాపను ఎత్తుకుని వచ్చి, "సంఘానికి పునాది క్రీస్తు ఒక్కడే అంటారు కదా బాబాయిగారూ! మరి మా పాప ఎవరి చర్చిది?" అని అడిగింది.

నేను పుట్టి పెరిగింది డోర్నకల్ వైపు, సి.ఎస్.ఐ. కుటుంబంలో. పాస్టరును కాను, పండితుణ్ణీ కాను. ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. తెలిసినంత చెబుతాను.

ముందు మాట సంగతి. చర్చి అనగానే మనకు గంట, శిఖరం, రంగుటద్దాల కిటికీలు కళ్ళముందు మెదులుతాయి. కొత్త నిబంధనలో వాడిన గ్రీకు మాట ఎక్లేసియా. దానికి అర్థం కట్టడం కాదు, పిలవగా కూడివచ్చిన జనం. తెలుగులో దానికి 'సంఘము' అని పెట్టిన వారిని మెచ్చుకోవాలి. కనుక సంఘానికి పునాది అన్నప్పుడు మేస్త్రీ తవ్విన గుంటను గురించి కాదు, ఈ మనుషులను ఒకచోట నిలబెట్టేది ఏది అని అడుగుతున్నామన్నమాట.

పునాది మాట స్పష్టంగా కనబడేది పౌలు కొరింథువారికి రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో. అది ఏ సందర్భంలో వచ్చిందో చాలామంది గమనించరు. పౌలు అక్కడ తీరిగ్గా సిద్ధాంతం చెప్పడం లేదు, తగవు తీరుస్తున్నాడు! కొరింథు రేవు పట్టణం. నలుదిక్కుల నుంచి వచ్చి చేరిన జనం. ఆ చిన్న సంఘంలో ఒకరు పౌలు పక్షం, ఒకరు అపొల్లో పక్షం, ఇంకొకరు కేఫా పక్షం, మరికొందరు క్రీస్తు పక్షం. అప్పుడు పౌలు, తాను పునాది వేసిన మేస్త్రీనే గాని పునాదిని కానని, వేసిన పునాది క్రీస్తేనని, దాని మీద ఎవరు బంగారంతో కట్టారో ఎవరు గడ్డితో కట్టారో నిప్పే తేలుస్తుందని భావం వచ్చేలా రాశాడు. అంటే కట్టేవాళ్ళు చాలామంది ఉంటారని, కట్టే తీరులు వేరువేరుగా ఉంటాయని ఆయన ముందే ఒప్పుకున్నాడు. పునాదిని పంచుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు.

మత్తయి సువార్త పదహారో అధ్యాయంలో ఇంకో మాట ఉంది. పేతురుతో యేసు, ఈ బండ మీద నా సంఘాన్ని కడతానంటాడు. పేతురు అన్న పేరుకు రాయి అనే అర్థం. అందుకని ఆ బండ పేతురేనని రోమన్ కేథలిక్కులు, పేతురు ఒప్పుకున్న విశ్వాసమని లేదా క్రీస్తేనని ప్రొటెస్టెంట్లు చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ఆగస్టీను అంతటివాడు రెండు విధాలుగానూ వివరించి, చివరి రోజుల్లో ఏది సబబో చదివేవారే తేల్చుకోవచ్చునన్నాడు. పేతురు పేర ఉన్న మొదటి పత్రికలో మాత్రం సజీవమైన రాయి అన్న పేరు క్రీస్తుకే ఇచ్చారు. విశ్వాసులంతా ఆయనతో కలిపి కట్టబడే రాళ్ళేనన్నారు. ఇల్లు కట్టేవారు పనికిరాదని పక్కన పడేసిన రాయే మూలరాయి అయిందన్న కీర్తనల మాటను కూడా అక్కడ గుర్తు చేశారు.

ఇప్పుడు మన తెలుగునాటికి వద్దాం. అక్కడ ఇన్ని శాఖలు ఎలా వచ్చాయి? మన తాతముత్తాతలు గ్రంథాలన్నీ తిరగేసి, ఇది సరైన సిద్ధాంతం అని ఎంచుకున్నారా? లేదు. చాలావరకు ఏ జిల్లాలో ఏ మిషను దిగితే ఆ జిల్లా వారు ఆ శాఖ. అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే 1840లో నెల్లూరు చేరాడు. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు చేరాడు. ఆంగ్లికన్లు బందరులో, మెథడిస్టులు మెదక్ వైపు, లండన్ మిషను వారు కడప వైపు, కెనడా బాప్టిస్టులు కాకినాడ వైపు. ఒకరి ప్రాంతంలోకి ఒకరు రాకూడదని మిషన్లు ఒప్పందాలు కూడా చేసుకున్నాయి. అందువల్ల తన పక్కన ఇంకో శాఖ ఉందన్న ఆలోచనే పల్లెలో చాలామందికి లేకపోయింది. ఒంగోలువాడికి క్రైస్తవుడంటే బాప్టిస్టే, గుంటూరువాడికి లూథరనే.

అంబత్తూరుకు వచ్చాక ఆ సరిహద్దులు చెరిగిపోయాయి. 1960వ దశకంలో ఎస్టేటు మొదలయ్యాక పాడి, కొరట్టూరు, అంబత్తూరు, ఆవడి వరుసలో ఎన్ని జిల్లాల తెలుగువాళ్ళు దిగారో లెక్కలేదు. ఓ.టి. బస్టాండులో నిలబడితే నెల్లూరు యాస, శ్రీకాకుళం యాస ఒకే బెంచీ మీద వినబడతాయి. ఊళ్ళో ఎప్పుడూ ఎదురుపడని లూథరనూ బాప్టిస్టూ ఇక్కడ ఒకే కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్నారు. ఇక పిల్లలు ఒకరినొకరు చూసుకోరా, పెళ్ళిళ్ళు కావా? మా వీధి అమ్మాయి ప్రశ్న ఒంగోలులో పుట్టదు, ఇక్కడే పుడుతుంది. కొరింథులో పుట్టినట్లే.

సరిగ్గా ఈ ప్రశ్నకే జవాబు వెతికిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన తమిళుడు, మన తెలుగువాళ్ళ మధ్యకు వచ్చినవాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునల్వేలి జిల్లా వెళ్ళాలన్విళైలో పుట్టారు. మనం తెలుగునాడు వదిలి తమిళనాడు వచ్చాం, ఆయన తమిళనాడు వదిలి నిజాం రాజ్యంలోని డోర్నకల్ వెళ్ళారు. అక్కడ తెలుగు నేర్చుకుని పల్లెపల్లె తిరిగారు. 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడాయన. డోర్నకల్‌లో ఆయన కట్టించి 1939లో ప్రతిష్ఠించిన కెథడ్రల్ చూడండి. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు ఆ కట్టడంలో కలిసి కనబడతాయి. గోడలు ఈ నేలవి కావచ్చు, పునాదికి భంగం లేదన్నది ఆయన నమ్మకం.

1919లో తరంగంబాడిలో ఆయనా, మరికొందరు సంఘ నాయకులూ కూడారు. ఒకరో ఇద్దరో తప్ప అంతా భారతీయులే. మనల్ని విడదీసిన తగాదాలు మనవి కావు, ఇంగ్లండులోనూ అమెరికాలోనూ పుట్టి ఓడలెక్కి వచ్చినవి, వాటిని మనమెందుకు మోయాలి అన్నది వారి ఆవేదన. చర్చలు 28 ఏళ్ళు సాగాయి. అన్నిటికంటే పెద్ద ముడి ఏమిటంటే, బిషప్పు చేతులుంచి అభిషేకించని పాస్టర్లు పాస్టర్లేనా? ఆంగ్లికన్లకు అది ప్రాణప్రదం. తమ పాస్టర్లకు మళ్ళీ అభిషేకం చేయాలంటే ఇన్నేళ్ళ సేవ చెల్లదన్నట్లేనని మిగతావారికి అవమానం. చివరికి, ఉన్న పాస్టర్లందరినీ ఉన్నవారిని ఉన్నట్లుగానే అంగీకరించి, ఇకమీదట అభిషేకాలు మాత్రం బిషప్పుల చేతనే జరగాలని తీర్మానించారు. ఎవరి గతాన్నీ చెల్లదనకుండా భవిష్యత్తును ఒకటి చేశారు. ఇంటి పెద్దలు నేర్చుకోవలసిన కిటుకు ఇందులో ఉంది.

1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన 43 రోజులకు, మన మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే కలిసి ఉన్న ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వారు ఒకటయ్యారు. బిషప్పులున్న సంఘమూ లేని సంఘాలూ ఇలా ఒకటి కావడం అప్పటికి ప్రపంచంలో పెద్ద విశేషం. అజరయ్య మాత్రం చూడలేదు. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు.

అయితే కథ అక్కడ సుఖాంతమైందని చెప్పలేను. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది ఆనాడు చేరలేదు. తమ విశ్వాసం పలచబడుతుందని వారికి భయం. ఆ ప్రాంతం సి.ఎస్.ఐ.లో కలవడానికి 1970వ దశకం దాకా పట్టింది. బాప్టిస్టులు, లూథరన్లు ఈనాటికీ వేరుగానే ఉన్నారు. ఇంతకన్నా బాధాకరమైనది ఇంకొకటి ఉంది. కాగితం మీద సంఘాలు కలిసినా, మన పల్లెల్లో మాలపేట, మాదిగపేట మధ్య దూరం చర్చి గుమ్మం దగ్గర ఆగిపోలేదు. ఒకే ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు పెళ్ళి సంబంధం మాటెత్తగానే కులం అడుగుతారు. బాప్తిస్మం ఎప్పుడివ్వాలన్నది కట్టే తీరుకు సంబంధించిన భేదం. మనిషిని మనిషి దూరం పెట్టడం పునాదికే పగులు. పక్కన పడేసిన రాయే మూలరాయి అన్న మాట చెప్పుకునేవాళ్ళం, మనలో ఎవరిని పక్కన పడేశామో చూసుకోవద్దా?

పునాది ఏదో తెలిసిపోయిన సందర్భం ఒకటి ఒంగోలు చరిత్రలోనే ఉంది. 1876-78 నాటి ఘోర కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి పని కల్పించాడు. ఇక్కడ మన ఊరి మధ్య మురికిగా పారుతున్నదే ఆ కాలువ. అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు తీవ్రంగా ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. జనం కాచుకున్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అన్నం మీద కట్టకూడదు, విశ్వాసం మీదే కట్టాలని ఆ ఆలస్యం. ఆ ఒంగోలు మనవరాలే నన్ను ప్రశ్న అడిగింది!

ఆమెకు నేను చెప్పింది ఇదీ: "పాప ఎవరి చర్చిదో తేల్చే అధికారం నాకు లేదమ్మా. మీ ఇద్దరి పాస్టర్లనూ ఒకేసారి ఇంటికి పిలిచి, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఏది నిర్ణయించుకున్నా, రెండో వైపు వారు ఇన్నాళ్ళు నమ్మింది చెల్లదన్న మాట మాత్రం మీ నోట రానివ్వకండి. 1947లో పెద్దలు చేసింది అదే." నిర్ణయం ఇంకా కాలేదు. ఈలోగా ఇద్దరు అమ్మమ్మలూ పాపను చూడడానికి వంతులు వేసుకోవడం మానేసి, ఈ నెల ఒకేసారి వస్తున్నారట.

చివరగా మన సంఘం తరఫున ఒక సూచన. ఈ ఏడు క్రిస్మస్ పాటల అభ్యాసం శాఖలవారీగా వద్దు. పిల్లలకు తమిళం, ఇంగ్లీషు పాటలు వస్తున్నాయి గాని తాతలు పాడిన తెలుగు కీర్తనలు నోరు తిరగడం లేదు. పురుషోత్తమ చౌదరి వంటివారి కీర్తనలను ఆంధ్ర దేశంలో అన్ని శాఖలవారూ ఎప్పటినుంచో కలిసే పాడుకుంటున్నారు. పాటల పుస్తకం దగ్గర కుదిరిన ఐకమత్యం మన హాల్లో ఎందుకు కుదరదు? పాత పుస్తకాలు అటకల మీద ఉంటే దింపి తీసుకురండి. వినడానికి అన్ని మతాల మిత్రులకూ ఆహ్వానం. ఫలహారాల బాధ్యత మాత్రం యథాప్రకారం మహిళా విభాగానిదే అనకుండా, ఈసారి మగవాళ్ళం కూడా తలో చెయ్యి వేద్దాం.

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం.