పరుగు బూట్లతో కోర్టులోకి దిగొద్దు

ఒక జత స్పోర్ట్స్ బూట్లు కొంటే అన్ని ఆటలకూ సరిపోతాయన్న నమ్మకం చీలమండకు చేటు. పరిగెత్తేవారి పాదం దాదాపు ఎప్పుడూ ముందుకే కదులుతుంది. అందుకే ఆ బూటుకు మడమ కింద మందంగా, మెత్తగా అడుగు వేస్తారు. నడకకూ అది చక్కగా పనికొస్తుంది. షటిల్ సంగతి వేరు. నెట్ దగ్గర పడే డ్రాప్‌ను అందుకోవడానికి కాలు చాచి ఠక్కున ఆగాలి, మరుక్షణం పక్కకో వెనక్కో తిరగాలి. అప్పుడు ఎత్తయిన మెత్తటి అడుగు ఒకవైపు కుంగితే చీలమండ మెలిపడుతుంది. కోర్టు బూటును చేతిలోకి తీసుకుని చూడండి: అడుగు నేలకు దగ్గరగా, పక్కలు గట్టిగా, కింద పట్టునిచ్చే గమ్ రబ్బరు.

1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియా వీరుడు అబెబె బికిలా వట్టికాళ్లతో గెలిచాడు కదా, బూట్ల గొడవెందుకు అనవచ్చు. వట్టి పాదం నేలను అంటిపెట్టుకుని ఉంటుంది; మెత్తటి ఎత్తు మీద నిలబడ్డ పాదానికి ఆ ఆసరా లేదు. ఆ ఉదాహరణ నా వాదనకే బలం. రెండు జతలు కొనే స్తోమత అందరికీ ఉండదన్నది మాత్రం కాదనలేని మాట. అలాంటప్పుడు పిల్లలు వారంలో ఎక్కువ రోజులు ఏ ఆట ఆడతారో దానికే కొనాలి. రోజూ షటిల్ ఆడే అమ్మాయికి ఖరీదైన పరుగు బూటు కన్నా మామూలు ధర కోర్టు బూటే మేలు. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, ఆటకు వేసుకునే సాక్సుతోనే కొలత చూడాలి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయులు ఈ మాట తల్లిదండ్రులకు కొనకముందే చెప్పాలి.