150 నిమిషముల లెక్క

మా యింటివారు భద్రాచలమున విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు. వేకువను వ్యాయామము, పగలు బడి, రాత్రి వ్రాతపుస్తకములు దిద్దుట. ఇక పిల్లలకు తండ్రి మొగము ఆదివారమే దక్కెడిది.

దేహదార్ఢ్యము వలదని మేమనము. మా యీ యడవి యంచుననే, నాటి ఖమ్మము జిల్లాలోని చర్లకు చెందిన సాధనపల్లి ఆనందకుమారుడను గురుకుల విద్యార్థి 2014 మే 25న మాలావత్ పూర్ణతో గూడ ఎవరెస్టు శిఖర మెక్కెను. అట్టి విద్యార్థులున్నచోట బడి మెట్లెక్కి రొప్పుట ఉపాధ్యాయునకు సిగ్గే.

కాని యెంత వ్యాయామము చాలును? ప్రపంచారోగ్యసంస్థ 2020లో పెద్దలకు విధించినది వారమునకు 150 మొదలు 300 నిమిషముల మితవ్యాయామము. రెండు దినములు కండరములకు బలమిచ్చు పని. 150ని ఏడింట భాగించిన దినమునకు 22 నిమిషములైనను కావు. పది నిమిషములకు తక్కువైన నడక లెక్కకు రాదను పాత నియమమును గూడ ఆ సంస్థ విడిచినది. శాస్త్రము బోధించువారికి ఈ భాగహారమును మేము చూపవలసివచ్చెను!

ఇప్పుడు సాయంకాలము కరకట్టపై నలుగురమును నడచుచున్నాము. వంటపనియే స్త్రీలకు వ్యాయామమని యిరుగుపొరుగువారందురు. పొయ్యియెదుట నిలుచుట నడక యెట్లగును? గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది యని పిల్లలు తండ్రి నోటనే నేర్చిరి. 1986లో 75.6 అడుగులు వచ్చెనని వినగానే మా చిన్నది, “అప్పుడీ కట్ట యెక్కడ నుండెను?” అని యడిగినది. రేపు చెప్పెదనని వారు తప్పించుకొనిరి.

వానదినములలో మాత్రము నడక సాగదు, వ్రాతపుస్తకములే గెలుచుచున్నవి.