మైదా వడకు వంద రూపాయలా?

పోయిన నెల రామకుప్పం వెళ్తూ బెంగళూరులో ఆరు డోనట్ల డబ్బా ఒకటి కొన్నాను. ఇల్లు చేరేసరికి పైన పూసిన చాక్లెట్ సగం మూతకు అంటుకుంది. మా పిన్ని ఒకటి చేతిలోకి తీసుకుని, దాని చిల్లులోంచి నన్ను చూసి, "ఇది మన వడే కదరా! మైదాతో చేసి చక్కెర పూసినారు. దీనికి వంద రూపాయలా?" అంది. పిన్నిది చిన్న టిఫిన్ అంగడి. ఆమె దగ్గర ఉద్దివడ పది రూపాయలు.

నేను నవ్వాను గానీ మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, నవ్వలేదు. డిగ్రీ అయిపోయి ఏడాది ఖాళీగా ఉన్నాడు. "అన్నా, కుప్పంలో డోనట్ అంగడి పెడదామా? ఆడ ద్రావిడ యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ ఉంది. పిల్లోళ్లంతా రీల్స్‌లో చూస్తానే ఉండారు" అన్నాడు. అడ్వాన్సుకు, ఫ్రయ్యర్‌కు రెండు లక్షలు కావాలంట. ఇంట్లో ఉన్న రెండు లక్షలూ మిద్దె వేయడానికని పిన్ని దాచిన చీటీ డబ్బులు.

మా ఫీల్డులో ఏ కష్టానికైనా ముందు తెరిచేది ఎక్సెల్ షీటే. ఆ రాత్రి తెరిచాను.

మన దేశానికి మ్యాడ్ ఓవర్ డోనట్స్ 2008లో వచ్చింది. డంకిన్ డోనట్స్ 2012లో ఢిల్లీలో మొదలైంది. ఆ మరుసటి ఏడాది క్రిస్పీ క్రీమ్ బెంగళూరులో దిగింది. అమెరికాలో పొద్దున్నే కాఫీతో డోనట్ తింటారు. మనకు పొద్దున్నే వేడివేడిగా ఇడ్లీ, దోసె ఉండగా తీపి ఎవరు ముడతారు? డంకిన్ బర్గర్లు కూడా పెట్టింది, తర్వాత చాలా షాపులు మూసేసింది. నాకు తెలిసి మన దగ్గర డోనట్ నిలబడింది సాయంత్రం తిండిగా, ఆఫీసు బర్త్‌డే డబ్బాగా.

పన్ను గొడవ కూడా ఉందండోయ్. డోనట్ అమ్మితే అది 5 శాతం పన్ను పడే రెస్టారెంట్ సేవా, 18 శాతం పడే బేకరీ సరుకా అని మ్యాడ్ ఓవర్ డోనట్స్‌కు సుమారు వంద కోట్ల నోటీసు వెళ్లింది. విషయం బాంబే హైకోర్టు దాకా పోయింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి బేకరీ సరుకు మీద కూడా 5 శాతమే అయ్యింది. మావాడి అంగడికి అంత సీన్ లేదు లెండి.

మావాడి అసలు సమస్య డోనట్ ఆయుష్షు. ఒక్క పూట. చల్లారాక మైదాలోని పిండిపదార్థం గట్టిపడిపోతుంది, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా. ఒకటి 40కి అమ్మి, సరుకు, నూనె, డబ్బా కలిపి 15 అనుకున్నాను. వంద చేసి డెబ్బై అమ్మితే 1300 మిగులుతుంది. నలభయ్యే పోతే మిగిలేది వంద రూపాయలు. అద్దె, కరెంటు ఇంకా కట్టలేదు.

మరి చిన్న అంగళ్లు ఎక్కడా బతకవా అంటే, కాలిఫోర్నియాలో బతికాయి. 1975లో కంబోడియా నుంచి శరణార్థిగా వచ్చిన టెడ్ నాయ్ అక్కడ డోనట్ పని నేర్చుకుని సొంత షాపు కొన్నాడు. తర్వాత తనలాంటి కుటుంబాలను రప్పించి వాళ్లచేత షాపులు పెట్టించాడు. భార్యాభర్తలు, పిల్లలు కలిసి అర్ధరాత్రి లేచి పిండి కలిపేవాళ్లు, జీతమిచ్చే పనేలేదు. (ఆయన తర్వాత జూదంలో అంతా పోగొట్టుకున్నాడు. అది మా తమ్ముడికి చెప్పలేదు.)

ఈ కథ చెప్తుంటే పిన్ని, "నేను నాలుక్కు లేస్తా ఉండేది ఏందిరా మరి?" అంది. నిజమే. సంతరోజు ఎన్ని వడలు పోతాయో, వాన పడితే ఎన్ని తగ్గించాలో ఆమెకు నోటిలెక్కే. మా కంపెనీలో దానికి ఒక టీమే ఉంది.

"అంగడి తర్వాత. ముందు నా బాణలిలో ఇరవై వేసి చూడు" అంది.

మొదటి వాయి పైన నల్లబడింది, లోపల పచ్చి. నూనె మరీ కాగిపోయింది. పిన్ని వచ్చి మంట తగ్గించి, "బొక్క ఇంకా పెద్దది చెయ్యి, నడిమి ఎట్ల ఉడుకుతాది?" అని వేలు పెట్టి సాగదీసింది. రెండో వాయి బంగారంలా వచ్చింది. పాతిక రూపాయల చొప్పున సాయంత్రానికి పదమూడు పోయాయి. మిగిలిన ఏడూ మేమే తిన్నాం. చివరిది నిజంగానే రబ్బరులా ఉంది.

వచ్చే శనివారం ముప్పై చేసి కుప్పంలో కాలేజీ గేటు దగ్గరికి తీసుకెళ్తానంటున్నాడు. చీటీ డబ్బులు ఇంకా పిన్ని బీరువాలోనే ఉన్నాయి.