సగటు ప్యాకేజీ వద్దు, మధ్యగతం చెప్పండి

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ దగ్గర పడిందంటే ఊరూరా ఇంజనీరింగ్ కాలేజీల ఫ్లెక్సీలు వెలుస్తాయి. ‘సగటు ప్యాకేజీ 7 లక్షలు’ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. నేను పదో తరగతికి లెక్కలు చెబుతాను. నా దగ్గర చదివిన పిల్లల తల్లిదండ్రులు ఆ కరపత్రాలు పట్టుకొచ్చి, ‘సార్, ఇందులో చేరిస్తే మావాడికి ఏడు లక్షలు వస్తాయా?’ అని అడుగుతారు.

వాళ్లకు నేను ఈ లెక్క వేసి చూపిస్తాను. పది మందికి ఉద్యోగాలొచ్చాయి అనుకుందాం. తొమ్మిది మందికి ఏడాదికి మూడున్నర లక్షలు, ఒక్కరికి 40 లక్షలు. మొత్తం 71.5 లక్షలు, సగటు 7.15 లక్షలు. లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఏడు లక్షల జీతగాడు ఆ పది మందిలో ఒక్కడూ లేడు! ఆ ఒక్కరికీ 40 బదులు 80 లక్షలొస్తే సగటు 11.15 లక్షలకు ఎగబాకుతుంది. మిగతా తొమ్మిది మందికి రూపాయి కూడా పెరగదు. అవే జీతాలను తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా రాసి నడిమి విలువ చూడండి. రెండుసార్లూ మూడున్నర లక్షలే. పదో తరగతి పుస్తకంలో మనం నేర్పే మధ్యగతం ఇదే.

2016 నుంచి విద్యాసంస్థలకు ర్యాంకులిస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ కూడా కాలేజీలను అడిగేది మధ్యగత వేతనాన్నే. దానికి వివరాలు పంపే కాలేజీల దగ్గర ఆ అంకె సిద్ధంగా ఉంటుంది. ఫ్లెక్సీ మీదికి మాత్రం రాదు.

అయితే మధ్యగతం ఒక్కటే చాలదు. ఉద్యోగం రానివాళ్లు ఈ లెక్కల్లోకే రారు. ఉద్యోగం కోసం చూస్తున్న వంద మందిలో నలభై మందికే వస్తే, అందరినీ కలిపి చూసినప్పుడు మధ్యగతం సున్నా. అందుకే ప్రతి కాలేజీ నాలుగు అంకెలు పక్కపక్కనే ప్రకటించాలి: చదువు పూర్తిచేసినవాళ్లు ఎందరు, ఉద్యోగాలొచ్చినవాళ్లు ఎందరు, పైచదువులకు వెళ్లినవాళ్లు ఎందరు, మధ్యగత వేతనం ఎంత. ఇవి లేకుండా సగటు ప్యాకేజీ, అత్యధిక ప్యాకేజీ అంటూ ప్రకటనలివ్వడాన్ని రెండు తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లూ నిషేధించాలి.

ఎకరం అమ్మో, బ్యాంకు లోను తీసుకునో ఫీజు కట్టే కుటుంబానికి తెలియాల్సింది, మామూలుగా చదివే తమ బిడ్డ జీతంతో ఆ అప్పు తీరుతుందా లేదా అన్నదే. వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఈ నాలుగు అంకెలూ కాగితం మీద రాసిమ్మని అడగండి. ఇవ్వని కాలేజీని మీ జాబితాలో కిందికి దించండి.