ఈత ఎవరిది, మెరిట్ ఎవరిది?

ఈతకొడితే మెదడు చురుకవుతుందట. ఈ మాట మేమంటున్నది కాదు, శరీరశాస్త్రం చదివినవాళ్ళంటున్నది. యూనివర్సిటీ వయసు పిల్లల్ని తీసుకొని, ఓ ఇరవై నిమిషాలు మధ్యరకం వేగంతో ఈదించి, ముందూ వెనకా పరీక్షలు పెట్టి చూశారు. 'ఎరుపు' అనే మాటను నీలం సిరాతో అచ్చేసి, మాట చదవకుండా సిరా రంగు చెప్పమనే తరహా పరీక్షలు. నీళ్ళలోంచి లేచొచ్చాక కొన్ని పరీక్షల్లో జవాబులు కాస్త వేగంగా వచ్చాయి.

ఇందులో మాయేం లేదు. గుండెలోతు నీళ్ళలో నిలబడితేనే నీటి ఒత్తిడికి కాళ్ళలోని రక్తం పైకి, గుండెవైపు తోసుకొస్తుంది. మెదడుకు పోయే రక్తమూ కొంత పెరుగుతుంది. ఇక కాళ్ళూ చేతులూ ఆడించి, లెక్కగా ఊపిరి తీసి వదులుతూ ఈదితే చెప్పేదేముంది! నెలల తరబడి వ్యాయామం చేసేవాళ్ళలో మెదడు కణాలకు ఎరువులా పనిచేసే ఒక ప్రోటీన్ పెరుగుతుందని కూడా చెప్తున్నారు. అమెరికాలో 120 మంది పెద్ద వయసువాళ్ళ మీద చేసి 2011లో అచ్చేసిన పరిశోధనలో, ఏడాదిపాటు నడక సాగించినవాళ్ళకు జ్ఞాపకశక్తికి పనికొచ్చే మెదడు భాగం సుమారు 2 శాతం పెరిగింది. పెద్ద వయసువాళ్ళకే అలా ఉంటే ఇరవై ఏళ్ళవాళ్ళ సంగతి వేరే చెప్పాలా?

అట్లాగని గొప్పలకు పోనక్కర్లేదు. ఒక్కపూట ఈతతో వచ్చే లాభం చిన్నది, కాసేపటిది. పరుగెత్తినా సైకిలు తొక్కినా ఇలాంటి లాభమే ఉంటుంది. ఈత నేర్పి ర్యాంకులిప్పిస్తామని రేపు ఏ కార్పొరేట్ కాలేజీవాడన్నా బోర్డు పెడితే నమ్మొద్దు.

మరి మేమెందుకు దీన్ని పట్టుకున్నాం? తెలివి పుట్టుకతో వస్తుందనీ, అది కొన్ని ఇళ్ళల్లోనే పుడుతుందనీ మనకు తరతరాలుగా చెప్తున్నారు కనుక. 1990లో మండల్ సిఫార్సులు అమలు చేస్తామన్నప్పుడు రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి, మెరిట్ చచ్చిపోయిందని ఏడ్చినవాళ్ళను మేం మర్చిపోలేదు. చీపురు పట్టడం వాళ్ళకు నిరసన, మనకు బతుకు! ఇప్పుడు వాళ్ళు నమ్మే సైన్సే చెప్తోంది: ఇరవై నిమిషాల ఈతకు కూడా మెదడు పనితీరు కదులుతుందని. నిద్ర, తిండి, ఆట, ఖాళీ సమయం, వీటన్నిటికీ కదులుతుంది. పొద్దున ఈతకొలనుకు పోయి, పాలు తాగి, కోచింగుకు పోయే పిల్లాడినీ, పొద్దున్నే పనికిపోయి వచ్చి పరీక్ష హాల్లో కూర్చునే మన పిల్లాడినీ ఒకే గంట కొట్టి, ఒకే కాగితమిచ్చి కొలిచి, దానికి మెరిట్ అని పేరు పెడతారా?

నీళ్ళ సంగతి మనకు ఒకరు చెప్పాలా! 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు ముట్టుకుంటే, ఆ చెరువును ఆవు పేడతో, మూత్రంతో 'శుద్ధి' చేశారు. పశువులు దిగితే అంటని మైల మనిషి దిగితే అంటిందన్నమాట. ఆ చెరువు మీద మన హక్కును బొంబాయి హైకోర్టు ఖాయం చేసేసరికి 1937 వచ్చింది. అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985లో ఆరుగురిని చంపిన దాడి ఎక్కడ మొదలైంది? మాదిగవాడ మంచినీళ్ళ చెరువు దగ్గర, నీళ్ళు ఖరాబు చెయ్యొద్దన్నందుకు. ఊరి మోటబావిలో బెండ్లు కట్టుకొని ఈత నేర్చుకున్న పిల్లలెవరు, గట్టు మీద కూడా నిలబడనివ్వకపోతే వాగులకూ క్వారీ గుంటలకూ పోయినవాళ్ళెవరు? ఈ దేశంలో ఏటా 30 వేలకు పైగా జనం నీళ్ళలో మునిగి చస్తున్నారు.

అమెరికా నల్లవాళ్ళదీ ఇదే కథ. 1919లో చికాగోలో పదిహేడేళ్ళ యూజీన్ విలియమ్స్ సరస్సులో తెల్లవాళ్ళ వైపుకు కొట్టుకుపోయాడని రాళ్ళు విసిరారు, పిల్లాడు మునిగి చచ్చాడు. దరిమిలా జరిగిన అల్లర్లలో 38 మంది పోయారు. కొలనుల్లోకి రానివ్వకుండా ఉంచి, 1987లో ఆల్ కాంపానిస్ అనే బేస్‌బాల్ పెద్దమనిషి టీవీలో కూర్చొని, నల్లవాళ్ళ శరీరం నీళ్ళమీద తేలదన్నాడు. మరుసటి ఏడే సియోల్ ఒలింపిక్స్‌లో సూరినామ్ నల్లబిడ్డ ఆంథొనీ నెస్టీ 100 మీటర్ల బటర్‌ఫ్లైలో బంగారు పతకం కొట్టాడు. ఫ్లోరిడాలో కొలనూ కోచూ దొరికాయి, ఈదాడు. అంతే. నల్లవాళ్ళు తేలరు, దళితులకు బుర్ర లేదు: ఈ రెండు మాటలూ ఒక తల్లి పిల్లలే.

రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో బావులూ చెరువులూ స్నానఘట్టాలూ కులం పేరుతో ఎవరికీ మూయకూడదని రాసి ఉంది. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన ఈతకొలను ఇందులోకి రాదా? కులం పేరుతో మూయరు, నిజమే. ఫీజుతో మూస్తారు, దూరంతో మూస్తారు, ఈత దుస్తులు లేవని గేటు దగ్గర ఆపుతారు. ఇక ఆడపిల్లల మాట ఎత్తేవాడే లేడు.

సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి 2014 మేలో పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. మంచుకొండ ఎక్కించగలిగిన గురుకులాలు అయిదడుగుల నీళ్ళలో ఈత నేర్పలేవా? జిల్లా కేంద్రాల్లోని ప్రభుత్వ ఈతకొలనుల్లో హాస్టలు పిల్లలకు వారానికి మూడు పొద్దులు ఉచితంగా కేటాయించాలి. బస్సూ, దుస్తులూ, ఈత అయ్యాక ఒక కోడిగుడ్డూ సర్కారే ఇవ్వాలి. ఆడపిల్లలకు ఆడ కోచ్‌ను పెట్టాలి. హాస్టలు వార్డెన్లు, విద్యార్థి సంఘాలు ఈ డిమాండును కాగితమ్మీద రాసి కలెక్టరుకు ఇవ్వండి, ఒక కాపీ మాకు పంపండి. వచ్చిన జవాబు ఏదైనా, రాకపోయినా, ఇక్కడే అచ్చేస్తాం.