పాత పికప్ కొనకముందు



బండి కొన్నవారు దానికి పూలదండ వేసి, గుడి ముందుకు తెచ్చి ప్రార్థన చేయించుకొనుట మన సంఘములలో వాడుక. మంచిదే. అయితే సెకండ్ హ్యాండ్ బండి విషయములో మేము ఒక మాట చెప్పుచుందుము. డబ్బు ఇచ్చిన తరువాత కాదు, ఇవ్వకముందు రండి. ఇచ్చిన తరువాత ప్రార్థన ఒక్కటే మిగులును. ముందైతే ప్రార్థనతోపాటు మెకానిక్కును కూడ వెంటబెట్టుకొని పోవచ్చును.

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములో వాన మీద ఆధారపడిన ఇంటికి పికప్ బండి రెండవ పొలము వంటిది. పత్తి ఆదోని యార్డుకు, ఉల్లి కర్నూలు మార్కెట్టుకు తోలితే కిరాయి వచ్చును. గుంటూరు వైపు మిరపకోతలకు ఇల్లు తాళము వేసి వలసపోయే పని తప్పును. అందుకే అప్పు చేసియైనా కొనుచున్నారు.

ఆ మధ్య మా సంఘములోని ఒక యౌవనుడు ఎమ్మిగనూరులో ఒక పికప్ చూచి వచ్చెను. తండ్రి లేని పిల్లవాడు. తల్లి తన గొలుసు, కమ్మలు కుదువ పెట్టుటకు సిద్ధపడినది. ఆదివారము ఆరాధన తరువాత ఆమె మా యొద్దకు వచ్చి, "అయ్యగారూ, మీరూ ఒక తూరి సూసి రాండి. మావానికి రంగు సూస్తే సాలు, ఇంగేం కనపడదు" అన్నది. మాకు ఇంజన్ల సంగతి అంతగా తెలియదు గనుక, ఆదోనిలో మాకు నమ్మకమైన ఒక పెద్ద మెకానిక్కును బ్రతిమాలి తీసుకొని వెళ్లితిమి. బ్రోకరు చూపించే మెకానిక్కు వద్దని మొదటే నిశ్చయించుకొంటిమి. అతని కూలి ఎవరు ఇచ్చుదురో అతడు వారి మనిషియే గదా.

మేము చేరుసరికి ఉదయము ఏడు గంటలు. మెకానిక్కు మొదట చేసిన పని బానెట్ మీద చేయి పెట్టుట. వెచ్చగా ఉన్నది. "అన్నా, బండి అప్పుడే తిప్పినావు. సల్లారినాక సూస్తాం" అని టీ తాగుటకు పోయినాడు. దాదాపు రెండు గంటలు కూర్చుంటిమి. ఎందుకనగా చల్లని ఇంజన్ అబద్ధమాడదు. వేడి చేసి ఉంచితే అరిగిన ఇంజను కూడ ఒక్క సెల్ఫుకే పలుకును. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసి పొగ చూడవలెను. నీలి పొగ వచ్చిన ఆయిలు కాలుచున్నది. ఆగకుండ నల్లపొగ వచ్చిన పంపు, ఇంజెక్టర్లు చూపించవలెను. తెల్లపొగ వేడెక్కిన తరువాత కూడ తగ్గనిచో అనుమానించవలసినదే. ఇంజన్ నడుచుచుండగా ఆయిలు పోసే మూత తీయించినాడు. అక్కడ గాలి బలముగా కొట్టిన, దానిని వీరు బ్యాక్ కంప్రెషన్ అందురు, పిస్టన్లు, రింగుల పని దగ్గరపడినట్లే. ఆయిలు మజ్జిగవలె ఉన్నా, చల్లారిన రేడియేటరు నీళ్లమీద జిడ్డు తేలినా బేరము అక్కడే ఆపమని చెప్పెను.

తరువాత నేలమీద పడుకొని క్రింద చూచెను. మేము బండిని పైనుండి చూతుము, తెలిసినవాడు క్రిందనుండి చూచును. మన ప్రాంతపు పికప్పులకు అసలు జబ్బు అధిక బరువు. కంపెనీ చెప్పినదానికి రెండింతల ఉల్లి బస్తాలు వేసి తోలుదురు. దానివలన కమాను కట్టలు వంగును, క్యాబిన్ వెనుక చాసిస్ పగులును. పగులును వెల్డింగు చేసి పైన నల్లరంగు పూయుదురు. బండి అంతా పాతదై చాసిస్ మాత్రము క్రొత్త రంగుతో మెరిసిన, అక్కడ గోకి చూడవలెను. టైర్లు ఒక ప్రక్కనే అరిగినచో యాక్సిలో, అలైన్‌మెంటో దెబ్బతిన్నది. మీటరు తక్కువ చూపుచు, క్లచ్ పెడలు రబ్బరు నున్నగా అరిగియున్నచో మీటరును కాదు, రబ్బరును నమ్మవలెను. ఖాళీ బండిని తారురోడ్డు మీద నడిపిన ఏమియు తెలియదు. కొంత బరువు వేయించి ఎత్తు ఎక్కించి చూడవలెను. గేరు జారిన, క్లచ్ జారిన అక్కడే బయటపడును.

ఆ బండి ఈ పరీక్షలన్నిటిలో నెగ్గెను! యౌవనుని ముఖము వెలిగినది. అప్పుడు కాగితాలు అడిగితిమి.

యిర్మీయా ప్రవక్త అనాతోతులో తన పినతండ్రి కుమారుని పొలమును 17 తులముల వెండికి కొన్నాడు. అప్పుడు యెరూషలేము ముట్టడిలో ఉన్నది, ప్రవక్త చెరసాలలో ఉన్నాడు. అంతటి కష్టములోను పత్రము వ్రాసి, ముద్ర వేసి, సాక్షులను పెట్టి, వెండి తూచి ఇచ్చి, ఆ పత్రములను మంటికుండలో భద్రము చేయుమని బారూకుకు అప్పగించెను. అమ్మినవాడు పరాయివాడు కాడు, సొంత రక్తమే. అయినను పత్రము లేకుండ కొనలేదు. మనవారు మాత్రము తెలిసినవాడే గదా అని వదలివేయుదురు.

ఎమ్మిగనూరు బండి నంబరు కేఏ 36, అనగా రాయచూరు. 1953 వరకు ఆదోని బళ్లారి జిల్లాలోనే ఉండెను గనుక సరిహద్దు మనకు రాకపోకలకు అడ్డు కాదు, పెండ్లికి, వ్యాపారమునకు దాటుచునే యుందుము. కాని రిజిస్ట్రేషనుకు సరిహద్దు ఉన్నది. ఆర్‌సీలో పేరు రాయచూరు వైపు మనిషిది. అతడు ఇంకొకరికి, వారు ఈ అమ్మేవానికి, స్టాంపు కాగితాల మీదనే చేతులు మారినది. అక్కడి ఆఫీసువారి ఎన్‌ఓసీ, అనగా ఫారం 28, లేదు. దానికి తోడు ఆర్‌సీ మీద ఫైనాన్సు కంపెనీ పేరు అలాగే ఉన్నది. అప్పు తీరిందని కంపెనీ లేఖయు, ఫారం 35 యు లేనిదే ఆ పేరు పోదు. కంతులు నిలిచియుంటే వారు వచ్చి బండి పట్టుకొనిపోవచ్చును, అప్పటి యజమాని ఎవరైనను.

"స్టాంపు పేపరు మీద రాసిస్తా సామీ, అంతా నాదే పూచీ" అన్నాడు అమ్మేవాడు. ఆ రోజే పదివేలు టోకెన్ ఇమ్మని తొందరపెట్టెను.

స్టాంపు కాగితము వలన యజమాని మారడు. 2018లో సుప్రీంకోర్టు ఇటువంటి తగాదాలోనే తీర్పు చెప్పినది. బండి ఎన్ని చేతులు మారినను, రిజిస్టరులో పేరున్నవాడే యజమాని, ప్రమాద నష్టపరిహారము అతని మీదనే పడును. కనుక ఈ సంగతి కొనేవారికే కాదు, అమ్మేవారికి కూడ ప్రాణము మీదిది. అదే రాష్ట్రములో అమ్మకమైతే అమ్మినవారు 14 దినములలోను, కొన్నవారు 30 దినములలోను రవాణా శాఖకు తెలియజేయవలెను. ఫారం 29, ఫారం 30 మీద సంతకములు మీ ఎదుట, ఆర్‌సీలో పేరున్న మనిషి చేతనే చేయించుకొనుడి. ఇన్సూరెన్సును కూడ 14 దినములలో మీ పేరుకు మార్చుకొనవలెను.

రిజిస్ట్రేషను, ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు గడువులు ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడవచ్చును. చలానా బాకీలు కూడ విచారించుడి. సరకు రవాణా బండికి మొదటి ఎనిమిది సంవత్సరములు రెండేండ్లకొకసారి, తరువాత ప్రతి ఏట ఎఫ్‌సీ చేయించవలెను గనుక ఆ ఖర్చు బేరములోనే లెక్కించుకొనుడి. మొత్తము బరువు 3,000 కిలోలు మించని బండికి పర్మిట్ అక్కరలేదు, మించినదానికి కావలెను. చాసిస్ మీది నంబరును ఆర్‌సీ నంబరుతో ఒక్కొక్క అక్షరము పోల్చి చూడుడి. సిగ్గుపడకుడి. 2019 నుండి మన రాష్ట్రమంతటికి ఏపీ 39 వరుస వచ్చినది గనుక నంబరు పలక చూచి బండి ఏ జిల్లాదో చెప్పలేము, ఆర్‌సీ చదువవలసినదే.

మేము టోకెన్ ఇవ్వకుండ బస్సు ఎక్కితిమి. యౌవనుడు ఆదోని వచ్చువరకు మాతో మాటలాడలేదు. ఆ కోపము మాకు అర్థమైనది. రంగు నిజముగానే బాగున్నది.

రెండు నెలల తరువాత ఆదోనిలోనే మరొక బండి దొరికెను. తలుపు సొట్ట, సీటు చినిగినది, కమాను కట్టలు మార్పించవలసి వచ్చెను. కాని ఒకే యజమాని, అప్పు తీరిన లేఖ చేతిలో ఉన్నది. అమ్మినాయనే ఆఫీసునకు వచ్చి సంతకములు చేసెను. ఆర్‌సీ తన కుమారుని పేరున వచ్చిన తరువాతనే ఆ తల్లి బండిని గుడి ముందుకు పంపినది.

కిరాయి లెక్కల పుస్తకము, డీజిలు ఖర్చు వ్రాసే విధము గురించి వచ్చే నెల వ్రాయుదుము.