కరిగీ కరగని వేళ

పోయిన డిసెంబరులో ఒక ఉదయం నేను కొబ్బరినూనె సీసా బోర్లించి తడుతూంటే మా అమ్మాయి నవ్వింది. "తడితే రాదు నాన్నా, ఎండలో పెట్టు" అంది. బెంగుళూరు చలికి కొబ్బరినూనె గడ్డకడుతుందని మనందరికీ తెలుసు. ఎందుకో మాత్రం నేనెప్పుడూ ఆలోచించలేదు. బి.కాం. వాణ్ణి కదా!

అణువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ ఉంటాయిట. వేడి వాటిని కుదుపుతూ ఉంటుందిట. లాగుడు గెలిస్తే ఘనం. కుదుపు పెరిగి చోట్లు తప్పితే ద్రవం. అసలు పట్టే వదిలేస్తే వాయువు.

"అంతేగా, మూడేగా?" అన్నాను. అనకుండా ఉండవలసింది.

అప్పటికి పదిహేను రోజులుగా మా ఇంట్లో తగవు నడుస్తోంది. అమ్మాయికి ఇంజనీరింగు వద్దు, ఫిజిక్సులో బి.ఎస్సీ. కావాలి. ఆ చదువుకి ఉద్యోగం ఎవరిస్తారని నేను. మధ్యలో నలిగేది మా ఆవిడ.

"మూడు కాదు" అని మొదలుపెట్టింది. 1888లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక కొలెస్టరాల్ పదార్థాన్ని వేడిచేస్తే అది రెండుసార్లు కరిగిందిట. 145 డిగ్రీలు దాటాక మసక ద్రవం, 178 దాటాక తేట ద్రవం. ఆ మసకదే లిక్విడ్ క్రిస్టల్. మన ఉగాది సభ గుర్తుతెచ్చుకోండి. కుర్చీల్లో కూర్చున్నంతసేపూ ఘనం, భోజనాలనగానే ద్రవం. మధ్యలో, జనం లేచి అటూఇటూ కదులుతున్నా మొహాలు వేదికవైపే ఉండే కాసేపు ఉంటుంది చూడండి, అదన్నమాట!

ఆ అణువులు పుల్లల్లా పొడుగ్గా ఉండాలనే చాలాకాలం అనుకున్నారు. 1977లో మన మేఖ్రీ సర్కిల్ దగ్గరి రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ గారు, సదాశివ, సురేశ్ గార్లతో కలిసి, బిళ్ళల్లాంటి అణువులతోనూ అది సాధ్యమని చూపించారు. (నోబెల్ వచ్చిన చంద్రశేఖర్ వేరు. ఆయన రామన్ గారి అన్న కొడుకు, ఈయన మేనల్లుడు.) బెంజీన్ వలయం చుట్టూ ఆరు పొడుగాటి తోకలు. మా క్యాషియరు రూపాయి బిళ్ళలు పేర్చినట్టు ఆ వలయాలు దొంతరలుగా నిలబడతాయి. తోకలు కదులుతూండడంవల్ల దొంతరలు బిగుసుకుపోవు. ఆ వ్యాసం అచ్చయిందీ బెంగుళూరు పత్రిక 'ప్రమాణ'లోనే. 1990లలో జపాన్ ఫూజీ కంపెనీ ఇలాంటి అణువులతోనే ఒక ఫిల్మ్ చేసింది, ఎల్.సి.డి. తెరని పక్కనుంచి చూసినా బొమ్మ చెడకుండా. ఆ సంస్థ గేటు ముందునుంచే కదా నేను ఇన్నేళ్ళూ బ్యాంకుకి వెళ్ళింది!

"అవన్నీ రామన్ గారి ఇంటివాళ్ళకి చెల్లుతాయమ్మా" అన్నాను.

"రామన్ గారు కూడా నీలాగే లెక్కల ఆఫీసరు నాన్నా. విశాఖపట్నంలో చదువుకున్నారు, 1907లో ఆర్థికశాఖలో చేరారు. 1917లో అది వదులుకుని తక్కువ జీతానికి ప్రొఫెసరయ్యారు" అంది.

నా కులవృత్తివాడినే నా మీదికి తెచ్చింది! మా ఆవిడ వంటింట్లోంచి నవ్వడం వినబడింది.

మొన్న బి.ఎస్సీ. ఫారం మీద సంతకం పెట్టాను. ఇంజనీరింగు ఫారం కూడా నింపించాను లెండి. బ్యాంకువాణ్ణి, హామీ లేకుండా అప్పు మంజూరు చేసే అలవాటు లేదు.